చిన్న ల్యాప్‌టాప్‌లో డిజైనింగ్, వీడియో ఎడిటింగ్ నడుస్తాయా?

మీరు అడిగింది ఇది: నంద్యాలలో ఒక ప్రింటింగ్ షాపులో ఫ్లెక్సులు, శుభలేఖలు, పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తున్నారు. సీజన్‌లో వీడియో మిక్సింగ్ కూడా మీదే. ఊళ్లు తిరగాలి, బస్సుల్లో మోసుకెళ్లాలి కాబట్టి 14 అంగుళాల ల్యాప్‌టాప్ కొందామనుకుంటున్నారు. బడ్జెట్ 80 వేలు. తెలిసినవాళ్లు మాత్రం "చిన్నదాంట్లో ఎడిటింగ్ నడవదు, 16 అంగుళాల గేమింగ్ ల్యాప్‌టాప్ తీసుకో, లేదంటే డెస్క్‌టాప్ పెట్టించుకో" అంటున్నారు. ఎవరి మాట వినాలో తేలడం లేదు.

నడుస్తుంది. ఆల్బమ్ డిజైనింగ్, పెళ్లి వీడియోల ఎడిటింగే నా జీవనాధారం. అందులో పెద్ద భాగం 14 అంగుళాల మెషిన్ మీదే సాగుతోంది. అయితే ఏ చిన్న ల్యాప్‌టాప్ అయినా సరిపోతుందని మాత్రం అనను. చిన్నవాటిలో చాలావరకు మూడు భాగాలు కొన్న రోజు ఎలా ఉంటాయో చివరిదాకా అలాగే ఉంటాయి: స్క్రీన్, ర్యామ్, వీడియోను విప్పి చూపించే చిప్. మీ డబ్బు ముందు ఈ మూడింటికి పోవాలి. హార్డ్ డిస్క్, పెద్ద మానిటర్, కీబోర్డ్ లాంటివి చేతిలో డబ్బు ఆడినప్పుడు బయటి నుంచి తగిలించుకోవచ్చు. షాపులో సేల్స్‌మన్ సాధారణంగా దీన్ని తిరగేసి అమ్ముతాడు. ఒక టీబీ ఎస్‌ఎస్‌డీ ఉంది, గ్రాఫిక్స్ కార్డు ఉంది అంటాడు గానీ స్క్రీన్ గురించి నోరు మెదపడు.

అందుకే స్క్రీన్‌తో మొదలుపెడతాను. మీ పనిలో సగం ప్రింటుకు వెళ్లేదే కదా.

ఏ ల్యాప్‌టాప్ స్పెసిఫికేషన్లు తెరిచినా అడుగున ఎక్కడో "45% ఎన్‌టీఎస్‌సీ" అనో, "100% ఎస్‌ఆర్‌జీబీ" అనో ఒక చిన్న లైను ఉంటుంది, ఆ స్క్రీన్ ఎన్ని రంగులు చూపించగలదో చెప్పే కొలత అది. చాలామంది దాన్ని చూడకుండా దాటేస్తారు. మీరు అన్నిటికంటే ముందు చూడాల్సింది అదే. 45% ఎన్‌టీఎస్‌సీ ప్యానెల్ అంటే, ఎస్‌ఆర్‌జీబీ (మామూలు ఫొటోలు, స్క్రీన్లు వాడే రంగుల శ్రేణి) రంగుల్లో సుమారు 60 నుంచి 65 శాతం మాత్రమే చూపించగలదు. పెళ్లికూతురి ఎర్ర పట్టుచీర అందులో వెలిసిన ఇటుక రంగులో కనబడుతుంది. చప్పగా ఉంది కదా అని మీరు సాచురేషన్ (రంగుల గాఢత) పెంచుతారు, స్క్రీన్ మీద ఎరుపు కాస్త తేరుకుంటుంది. అదే ఫైలు ల్యాబ్‌కు వెళ్లి ప్రింటై వచ్చేసరికి చీర మడతల్లోని నీడలు, జరీ గీతలు అన్నీ కలిసిపోయి ఒకటే ఎర్ర ముద్దగా ఉంటుంది. మంగళస్నానాల ఫొటోల్లో పసుపు రాసిన ముఖాలు నారింజ రంగుకు తిరుగుతాయి. కస్టమర్ ల్యాబ్‌ను తిడతాడు, ల్యాబ్ వాళ్లు మిమ్మల్ని అంటారు. ఆ స్క్రీన్ మీద కూర్చున్నంత కాలం ఈ గొడవ తెగదు. కాబట్టి 100% ఎస్‌ఆర్‌జీబీ ఐపీఎస్ (పక్క నుంచి చూసినా రంగు పెద్దగా మారని రకం) ప్యానెల్ కంటే తక్కువది ముట్టుకోకండి. ప్రాసెసర్ ఒక మెట్టు తగ్గినా ఫర్వాలేదు, ఇది తగ్గకూడదు.

ఈ మధ్య ఇదే ధరలో ఓలెడ్ (ప్రతి చుక్కా తనంతట తనే వెలిగే రకం) స్క్రీన్లు కూడా వస్తున్నాయి. చూడ్డానికి కళ్లు చెదిరేలా ఉంటాయి. ప్రింటు పనికి వాటితో ఇంకో రకం జాగ్రత్త కావాలి. అవి ఎస్‌ఆర్‌జీబీని దాటి ఇంకా ఎక్కువ రంగులు చూపిస్తాయి. కలర్ మేనేజ్‌మెంట్ (ఫైలు రంగులను స్క్రీన్‌కు తగ్గట్టు సర్దే ఏర్పాటు) లేని ప్రోగ్రాముల్లో, మామూలు ఫొటో వ్యూయర్లలో ప్రతి రంగూ అరిచినట్టు కనిపిస్తుంది. ఇప్పుడు మీరు సాచురేషన్ తగ్గిస్తారు, ప్రింటు పేలవంగా వస్తుంది. ఓలెడ్ తీసుకుంటే తయారీదారు ఇచ్చిన డిస్‌ప్లే యాప్‌లో ఎస్‌ఆర్‌జీబీ మోడ్ ఉందో లేదో చూసుకుని, డిజైన్ చేసేటప్పుడు దాన్ని ఆన్‌లో ఉంచండి. గంటల తరబడి కదలకుండా ఉండే టూల్‌బార్‌ల గుర్తులు ఓలెడ్ మీద కాలక్రమంలో మచ్చలా మిగిలే అవకాశం ఉంది. మీలాగా పొద్దస్తమానం ఫొటోషాప్ తెరిచి ఉంచేవాళ్లకు మంచి ఐపీఎస్సే నిశ్చింత అని నా అభిప్రాయం.

ఇక కొన్న మొదటి రోజే కొన్ని ఆపేయాలి: నైట్ లైట్, ఐ కంఫర్ట్ మోడ్, తెర మీది బొమ్మను బట్టి వెలుగు దానంతటదే మారే ఆప్షన్. ఇంటెల్ గ్రాఫిక్స్ సెట్టింగుల్లో బ్యాటరీ మీద ఉన్నప్పుడు డిస్‌ప్లే కరెంటు ఆదా చేసే ఆప్షన్ ఒకటి ఉంటుంది, అది కూడా. ఛార్జర్ పీకగానే కాంట్రాస్ట్ మారిపోతోందని చాలామంది కంగారు పడేది దీనివల్లే. బ్రైట్‌నెస్ కూడా నిండుగా పెట్టి పని చేయొద్దు. ప్రింటుతో పోల్చే పనికి 80 నుంచి 120 నిట్స్ (స్క్రీన్ వెలుగు కొలత) మధ్య ఉంటే చాలు. కొలిచే పరికరం లేకపోతే ఇలా చేయండి. మీ ల్యాబ్‌లోనే ఒక షీటు ప్రింట్ తీయించండి. అందులో ముఖాలు, తెల్ల పంచె, ఎర్ర చీర, పచ్చటి అరిటాకులు, నల్ల జుట్టు అన్నీ ఉండాలి. పగటి వెలుతురులో ఆ షీటును స్క్రీన్ పక్కన పట్టుకుని, అదే ఫైలును తెరిచి, రెండూ ఒకే వెలుగులో కనిపించేదాకా బ్రైట్‌నెస్ తగ్గించండి. ఆ స్థాయిని గుర్తుపెట్టుకుని ఆల్బమ్ పని ఎప్పుడు చేసినా అక్కడే ఉంచండి. షీటును పారేయకండి, రేపు మానిటర్ కొన్నప్పుడు మళ్లీ అదే పనికొస్తుంది.

సైజు సంగతి. 14 అంగుళాల 16:10 (వెడల్పు 16 పాళ్లయితే ఎత్తు 10 పాళ్లు) స్క్రీన్ వెడల్పు దాదాపు 11.9 అంగుళాలు. మనం చేసే ఆల్బమ్ షీటు 12×36 అంగుళాలు. అంటే షీటు మొత్తం తెర మీద పట్టించినా అసలు సైజులో మూడో వంతే మీకు కనబడుతుంది. పక్కన లేయర్స్ ప్యానెల్, టూల్‌బార్ పోగా ఇంకా తగ్గుతుంది. ఆ సైజులో గ్రూప్ ఫొటోలో చివరి వరుసలో ఎవరి కళ్లు మూసుకుపోయాయో, ఎవరి ముఖం షీటు మధ్య మడతలో పడుతోందో తెలియదు. అలాగని పని ఆగదు. ప్యానెల్స్ దాచడానికి ట్యాబ్ కీ, 100 శాతానికి వెళ్లడానికి కంట్రోల్ 1, మళ్లీ మొత్తం చూడ్డానికి కంట్రోల్ 0. ఈ మూడూ వేళ్లకు అలవాటవ్వాలి. 18 అంగుళాల దగ్గర మధ్యలో ఒక గైడ్ గీసి ఉంచుకోండి. షీటు ఓకే అనే ముందు ఎడమ నుంచి కుడికి 100 శాతంలో ఒకసారి జరుపుతూ చూడటం తప్పనిసరి. పెద్ద మానిటర్ ఉన్నవాడు కూడా చేయాల్సిన పనే ఇది, చిన్న స్క్రీన్ ఉన్నవాడు ఎగ్గొట్టడానికి వీల్లేదు.

రిజల్యూషన్ గురించి ఒక్క మాట. 1920×1080 స్క్రీన్‌ను విండోస్ 150 శాతం స్కేలింగ్‌లో (అక్షరాలు, బొమ్మలు పెద్దవిగా కనిపించే సెట్టింగు) పెడితే పని చేసుకోవడానికి మిగిలేది 1280×720 అంత చోటే. ప్రీమియర్ (అడోబీ వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్)లో టైమ్‌లైన్, ప్రివ్యూ, ఎఫెక్ట్స్ మూడూ ఇరుకున పడతాయి. 2880×1800 స్క్రీన్‌ను 200 శాతంలో పెట్టినా 1440×900 చోటు వస్తుంది, అక్షరాలు చాలా స్పష్టంగా ఉంటాయి. నిలువులో ఎక్కువ చోటు ఇచ్చే 16:10 స్క్రీన్ అయితే టైమ్‌లైన్‌కు ఇంకో ట్రాక్ కనిపిస్తుంది. 16:9 చిన్న ల్యాప్‌టాప్ ఈ పనికి వద్దు.

ఇప్పుడు ఫ్లెక్సుల గురించి. "ఫొటోషాప్ హ్యాంగ్ అవుతోంది, చిన్న ల్యాప్‌టాప్ కాబట్టే" అని నా దగ్గరికి వచ్చిన ఫైళ్లలో ఎక్కువ వాటికి కారణం ల్యాప్‌టాప్ అయి ఉండదు. 10×8 అడుగుల ఫ్లెక్సుకు కొత్త ఫైలు తెరిచి రిజల్యూషన్ దగ్గర 300 (అంగుళానికి 300 పిక్సెల్స్) కొడతారు. లెక్క చూడండి. 10 అడుగులంటే 120 అంగుళాలు, 300తో గుణిస్తే 36,000 పిక్సెల్స్. 8 అడుగులు 28,800. రెండూ గుణిస్తే వంద కోట్ల పిక్సెల్స్ పైన. సీఎంవైకేలో (ప్రింటుకు వాడే నాలుగు రంగుల పద్ధతి) ఒక్కో పిక్సెల్‌కు 4 బైట్లు, అంటే ఒక్క నిండు లేయరే 4 జీబీ దాటుతుంది. నాయకుడి ఫొటో, కింద అభిమానుల వరుస, వెనక బ్యాక్‌గ్రౌండ్, పూలు, మెరుపులు అంటూ లేయర్లు పెరిగితే ఏ మెషిన్ అయినా మూలుగుతుంది. పైగా ఫొటోషాప్ సేవ్ చేసే పీఎస్‌డీ ఫైలుకు ఒక వైపు 30,000 పిక్సెల్స్ హద్దు ఉంది, దాన్ని ఎప్పుడో దాటేశారు. అదే ఫ్లెక్సును పూర్తి సైజులో 72 దగ్గర పెడితే 8,640×6,912 పిక్సెల్స్, ఒక్కో లేయర్ 240 ఎంబీ లోపు. పదిహేడు రెట్లు తేలిక. రోడ్డు మీద పది పదిహేను అడుగుల దూరం నుంచి చూసే ఫ్లెక్సుకు ఇది చాలు. ఇంకా పెద్ద హోర్డింగులకైతే మరీ తక్కువ కూడా సరిపోతుంది. అక్షరాలు పదునుగా ఉండాలంటే వాటిని కోరల్‌లోనో ఇల్లస్ట్రేటర్‌లోనో పెట్టి కర్వ్స్ చేసి, అంటే అక్షరాలను వెక్టర్ ఆకారాలుగా మార్చి పంపండి. వెక్టర్‌కు రిజల్యూషన్‌తో పనే లేదు.

ఆల్బమ్‌కు మాత్రం 300 ఉండాల్సిందే, చేతిలో పట్టుకుని చూసేది కాబట్టి. 12×36 షీటు 300 దగ్గర 3,600×10,800 పిక్సెల్స్. ఆర్‌జీబీలో (మూడు రంగుల పద్ధతి) నిండు లేయరు ఒక్కొక్కటి దాదాపు 117 ఎంబీ. నాలుగైదు షీట్లు ఒకేసారి తెరిచి, పక్కన బ్రౌజర్, వాట్సాప్ కూడా నడుస్తుంటే 8 జీబీ ర్యామ్ ఎప్పుడో నిండిపోతుంది. అప్పుడు ఫొటోషాప్ ర్యామ్ బదులు స్క్రాచ్ డిస్క్ (ఎస్‌ఎస్‌డీలో తాత్కాలిక చోటు) మీద రాయడం మొదలుపెడుతుంది, మీరు బ్రష్ లాగితే గీత ఆలస్యంగా వస్తుంది. చిన్న ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ర్యామ్ బోర్డు మీదే అతికించి ఉంటుంది. తర్వాత వేయిద్దాంలే అనుకోవడానికి లేదు. ప్రీమియర్‌కు అడోబీ సూచన హెచ్‌డీకి 16 జీబీ, 4కేకు 32 జీబీ. మీ బడ్జెట్‌లో 16 కనీసం. అదనపు స్లాటు ఉన్న మోడల్ దొరికితే దానికే మొగ్గు చూపండి, లేదా ఎస్‌ఎస్‌డీ సైజు తగ్గించుకునైనా 32 తీసుకోండి.

వీడియోకు వద్దాం. టైమ్‌లైన్ ఎందుకు ఆగి ఆగి నడుస్తుందో అర్థమైతే సగం టెన్షన్ పోతుంది. కెమెరా ప్రతి ఫ్రేమునూ పూర్తిగా రికార్డు చేయదు. ఒక ఫ్రేము పూర్తిగా రాసి, ఆ తర్వాతి ఫ్రేముల్లో ఏం మారిందో అది మాత్రమే రాస్తుంది. ఫైలు చిన్నదవుతుంది, కార్డులో ఎక్కువసేపు పడుతుంది. కానీ మీరు టైమ్‌లైన్‌లో మధ్యలో ఎక్కడో క్లిక్ చేస్తే, ల్యాప్‌టాప్ వెనక్కి వెళ్లి పూర్తి ఫ్రేమును పట్టుకుని, అక్కడి నుంచి మార్పులన్నీ కలుపుకుంటూ రావాలి. రెండు కెమెరాల తలంబ్రాలు పైనా కిందా పెట్టి మల్టీక్యామ్ చేస్తే ఈ పని రెండింతలు. ఇది చేయడానికి చిప్‌లోనే ప్రత్యేకమైన డీకోడర్ ఉంటుంది. మీ కెమెరా ఇచ్చే ఫార్మాట్ ఆ డీకోడర్‌కు తెలిస్తే పలచటి ల్యాప్‌టాప్‌లో కూడా వీడియో జారినట్టు నడుస్తుంది. తెలియకపోతే పెద్ద గేమింగ్ మెషిన్ కూడా నత్తనడకే.

పెళ్లి షూటింగుల్లో బాగా వాడే సోనీ ఏ7 మార్క్ 3 లోపల రికార్డు చేసేది 8 బిట్ 4:2:0 హెచ్.264. హెచ్.264, హెచ్.265 అనేవి వీడియోను కుదించే పద్ధతులు; బిట్, 4:2:0 లాంటి అంకెలు రంగుల వివరం ఎంత రాస్తుందో చెబుతాయి. ఈ కెమెరా ఫుటేజ్‌ను ఈ రోజుల్లో ఏ చిప్ అయినా విప్పుతుంది. ఏ7 మార్క్ 4తో, కెనాన్ ఆర్6లో లాగ్ (తర్వాత రంగులు సర్దుకునేందుకు చప్పగా రికార్డు చేసే మోడ్) పెట్టి తీసినప్పుడు 10 బిట్ 4:2:2 వస్తుంది. చిక్కు అక్కడ మొదలవుతుంది. హెచ్.265లో ఉన్న 4:2:2ను ఇంటెల్ 11వ తరం నుంచి క్విక్ సింక్ (ఇంటెల్ చిప్‌లోని డీకోడర్) విప్పగలదు, ఆపిల్ ఎమ్1 నుంచి అన్నీ విప్పగలవు. ఎన్‌విడియాలో మాత్రం 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌తోనే ఆ సౌకర్యం వచ్చింది. అంటే ఆర్‌టీఎక్స్ 4060 ఉన్న ల్యాప్‌టాప్ కొన్నా, ఈ ఫుటేజ్‌ను విప్పేది ఆ కార్డు కాదు. ప్రాసెసర్‌లోనే ఉండే ఇంటెల్ డీకోడర్ విప్పాలి, అది లేకపోతే ప్రాసెసర్ కోర్లే చెమటోడ్చాలి. ఇంకో మెలిక: సోనీలో ఎక్స్‌ఏవీసీ ఎస్ ఎంచుకుని 4:2:2లో తీస్తే అది హెచ్.264. ఇప్పుడు మార్కెట్‌లో ఉన్న ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో చాలావాటి డీకోడర్‌కు అది పట్టదు. మీరు ఎడిటింగ్ మాత్రమే చేస్తే, కెమెరామన్ దగ్గర ఏ కెమెరా ఉంది, మెనూలో ఏ ఫార్మాట్ పెట్టాడు అని అడిగి తెలుసుకున్నాకే ల్యాప్‌టాప్ ఎంచుకోండి.

మీరు ఎడియస్ (ఇంకో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్) వాడుతుంటే మాటే లేదు, క్విక్ సింక్ ఉన్న ఇంటెల్ తీసుకోండి. ఎడియస్ హెచ్.264, హెచ్.265 పనిలో దాని మీద బాగా ఆధారపడుతుంది. మాక్‌లో ఎడియస్ లేదు.

డీకోడర్‌కు పట్టని ఫుటేజ్‌కు మందు ప్రాక్సీ, అంటే ఎడిటింగ్ కోసం చేసుకునే తేలికైన నకలు ఫైలు. దీన్ని బద్ధకించేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. రెండు వారాలు ల్యాగ్‌తో కుస్తీ పడతారు గానీ ఒక రాత్రి ప్రాక్సీలకు వదిలిపెట్టరు. ప్రీమియర్‌లో ఫుటేజ్ అంతా ఎంచుకుని రైట్ క్లిక్ చేస్తే ప్రాక్సీ, క్రియేట్ ప్రాక్సీస్ అని ఉంటుంది. డావిన్సీ రిజాల్వ్‌లో జనరేట్ ప్రాక్సీ మీడియా. ప్రోరెస్ ప్రాక్సీని గానీ డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్ ఎల్‌బీని గానీ ఎంచుకోండి. వీటిలో ప్రతి ఫ్రేమూ పూర్తి ఫ్రేమే, వెనక్కి వెళ్లి వెతుక్కోవాల్సిన పని లేదు. 1080 సైజులో సెకనుకు 25 ఫ్రేముల ప్రోరెస్ ప్రాక్సీ గంటకు సుమారు 17 జీబీ తీసుకుంటుంది. రాత్రి పడుకునే ముందు పెట్టి వదిలేస్తే పొద్దున్నకు సిద్ధంగా ఉంటుంది. కటింగ్, పాటలకు సింక్, టైటిల్స్ అన్నీ ప్రాక్సీ మీద చేయండి. కలర్ కరెక్షన్ చేసేటప్పుడు ప్రాక్సీ ఆపేసి అసలు ఫుటేజ్ చూడండి. ఎక్స్‌పోర్ట్‌కు సాఫ్ట్‌వేరే అసలు ఫైళ్లను తీసుకుంటుంది. అయినా మొదటి నిమిషం ఒకసారి ఎక్స్‌పోర్ట్ చేసి చూసుకోవడం మంచిది.

రిజాల్వ్ ఉచిత వెర్షన్ మీ స్థాయి పనికి చాలావరకు సరిపోతుంది. అల్ట్రా హెచ్‌డీ, సెకనుకు 60 ఫ్రేముల దాకా ఎక్స్‌పోర్ట్ ఇస్తుంది. నాయిస్ రిడక్షన్ కావాలంటే స్టూడియో వెర్షన్ కొనాలి, 295 డాలర్లు, ఒకేసారి కడితే చాలు. రాత్రి ముహూర్తాల ఫుటేజ్ ఎక్కువగా చేస్తే ఆ డబ్బు వృథా కాదు.

ఇక గేమింగ్ ల్యాప్‌టాప్ సలహా. అది పూర్తిగా తప్పని అనను. త్రీడీ, ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో బరువైన పని, నాయిస్ రిడక్షన్ రోజూ చేసేవాళ్లకు వేరే గ్రాఫిక్స్ కార్డు కావాలి. కానీ పేరు చూసి మోసపోవద్దు. ఒకే ఆర్‌టీఎక్స్ 4050 కార్డుకు ల్యాప్‌టాప్‌ను బట్టి 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా కరెంటు ఇస్తారు. సన్నటి 14 అంగుళాల వాటిలో ఆ అంకె కింది వైపే ఉంటుంది. 115 వాట్ల పెద్ద మెషిన్‌లో అదే కార్డు చేసే పని ఇది చేయలేదు. అలాగని పెద్దది కొంటే రెండున్నర కేజీల మెషిన్, దానికి ఇటుకంత ఛార్జర్, ఛార్జర్ పీకితే సగానికి పడిపోయే వేగం. పైగా ఈ ధరలో గేమింగ్ మోడళ్లలో చాలావాటికి ఆ 45% ఎన్‌టీఎస్‌సీ స్క్రీనే తగిలిస్తారు. డబ్బంతా కార్డుకు పోతుంది మరి. మీ పని ఆల్బమ్‌లు, ఫ్లెక్సులు, రెండు కెమెరాల పెళ్లి వీడియో. ఇంటెల్ కోర్ అల్ట్రా హెచ్ సిరీస్ ప్రాసెసర్‌లోనే ఉండే ఆర్క్ గ్రాఫిక్స్ దీనికి సరిపోతుంది. ఒకటి చూసుకోండి: మొదటి తరం కోర్ అల్ట్రాలో ర్యామ్ ఒకే స్టిక్‌గా ఉంటే ఆర్క్ పూర్తి వేగం రాదు, సిస్టమ్ కూడా దాన్ని ఆర్క్ అని కాకుండా ఉత్త ఇంటెల్ గ్రాఫిక్స్ అని చూపిస్తుంది. డ్యూయల్ ఛానల్ ఉండాలి, అంటే ర్యామ్ రెండు దారుల్లో పనిచేయాలి.

మాక్ సంగతి అడగలేదు గానీ ఎవరో ఒకరు చెప్పకుండా ఉండరు. ఎమ్4 మ్యాక్‌బుక్ ఎయిర్ 2025 మార్చిలో 99,900 రూపాయలకు వచ్చింది, 16 జీబీ ర్యామ్‌తోనే మొదలవుతుంది. స్క్రీన్ మంచిది, బ్యాటరీ మీద కూడా వేగం తగ్గదు, వీడియో డీకోడర్ అద్భుతం. వీడియో మాత్రమే చేసేవాళ్లు అడిగితే అప్పు చేసైనా అదే తీసుకోమంటాను. మీకు మాత్రం ఆలోచించి చెప్పాలి, ఎందుకంటే మీది తెలుగు ప్రింటింగ్ పని. షాపులో అను స్క్రిప్ట్ మేనేజర్ (తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్) మీద టైప్ చేస్తూ ఉంటారు, పాత శుభలేఖల ఫైళ్లు పేజ్‌మేకర్ 7లోనో కోరల్‌లోనో అను ఫాంట్లలో ఉంటాయి. అను మాక్‌లో నడవదు. కొత్త మాక్‌లలో నేరుగా విండోస్ వేసుకునే దారి కూడా లేదు. స్నాప్‌డ్రాగన్ చిప్‌లున్న విండోస్ ల్యాప్‌టాప్‌లకు కూడా ఇదే జాగ్రత్త. బ్యాటరీ రోజంతా వస్తుంది, నిజమే. కానీ పాత కీబోర్డ్ డ్రైవర్లు, డాంగిల్ (తాళంలా పనిచేసే యూఎస్‌బీ ముక్క) పెట్టి నడిపే సాఫ్ట్‌వేర్లు వాటిలో మొండికేయవచ్చు. మీ షాపు సాఫ్ట్‌వేర్లన్నీ అందులో నడుస్తున్నాయని కళ్లారా చూసేదాకా కొనకండి.

యూనికోడ్‌కు (అన్ని మెషిన్లలో ఒకేలా పనిచేసే అక్షరాల పద్ధతికి) మారగలిగితే ఈ బాధ చాలావరకు పోతుంది. రామభద్ర, మండలి, ఎన్‌టీఆర్, గిడుగు, పొన్నాల, సూరన్న లాంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. "స్వాగతం" అని కొడితే వ ఒత్తు కిందికి వెళ్లకుండా విడిగా పక్కన నిలబడితే ఫాంటును తిట్టకండి, సాఫ్ట్‌వేర్ సెట్టింగు మార్చండి. ఫొటోషాప్ పాత వెర్షన్లలో ప్రిఫరెన్సెస్‌లో టైప్ కింద సౌత్ ఏషియన్ టెక్స్ట్ ఇంజిన్ ఎంచుకోవాలి. ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ మెనూలో వరల్డ్ రెడీ కంపోజర్. ప్రీమియర్‌లో ప్రిఫరెన్సెస్‌లో గ్రాఫిక్స్ కింద సౌత్ ఏషియన్. సెట్టింగు మార్చాక పాత టెక్స్ట్ సర్దుకోకపోతే కొత్త టెక్స్ట్ బాక్సు తీసి మళ్లీ టైప్ చేయండి.

వేడి గురించి నంద్యాలలో ఉన్నవారికి ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు గానీ, చిన్న ల్యాప్‌టాప్‌కు అసలు పరీక్ష మే నెలే. మ్యాక్‌బుక్‌లకు ఆపిల్ చెప్పిన వాడకం ఉష్ణోగ్రత 10 నుంచి 35 డిగ్రీలు. మన రేకుల షెడ్డు షాపులో మధ్యాహ్నం అంతకంటే ఎక్కువే ఉంటుంది. చిన్న బాడీలో గాలి ఆడే చోటు తక్కువ, చిప్ వేడెక్కగానే తన వేగం తానే తగ్గించుకుంటుంది. జనవరిలో చకచకా అయిన ఎక్స్‌పోర్ట్ మేలో సాగుతుంది. ఎక్స్‌పోర్ట్‌లు, ప్రాక్సీలు రాత్రికి పెట్టుకోండి. వెనక భాగం పైకి లేచేలా స్టాండ్ మీద పెట్టండి, పరుపు మీద, ఒళ్లో పెట్టి రెండర్ చేయొద్దు. ఫ్యాన్ దుమ్ము ఏడాదికి ఒకసారి తీయించండి. ఫ్లెక్స్ మెషిన్ ఉన్న గదిలో అయితే ఇంకా తరచుగా. ఎప్పుడూ ఛార్జర్‌కే తగిలించి ఉంచేవాళ్లు బ్యాటరీని 80 శాతం దగ్గర ఆపే సెట్టింగు పెట్టుకుంటే ఎండాకాలంలో బ్యాటరీ ఉబ్బే ముప్పు తగ్గుతుంది.

స్టోరేజ్. సెకనుకు 100 మెగాబిట్ల 4కే ఫుటేజ్ గంటకు 45 జీబీ. రెండు కెమెరాలు, ఒక్కోటి ఆరు గంటలు తిరిగితే 540 జీబీ, డ్రోన్ కాకుండానే. ల్యాప్‌టాప్‌లో ఒక టీబీ ఉన్నా రెండో పెళ్లికి చోటుండదు. కాబట్టి లోపల 512 తీసుకుని, మిగిలిన డబ్బుతో ఒక టీబీ బయటి ఎస్‌ఎస్‌డీ కొనండి. సెకనుకు 1,000 ఎంబీ స్థాయిది చాలు, శాంసంగ్ టీ7 లాంటిది. నడుస్తున్న ప్రాజెక్టు దాని మీద, అయిపోయినవి మామూలు హార్డ్ డిస్క్ మీద. హార్డ్ డిస్క్ నుంచి నేరుగా మల్టీక్యామ్ ఎడిట్ చేయాలని చూడకండి. ప్రీమియర్ మీడియా క్యాష్‌ను (అది తన కోసం దాచుకునే తాత్కాలిక ఫైళ్లను) ప్రాజెక్టు అయిపోగానే ఖాళీ చేయండి. సీ డ్రైవ్ నిండిపోయి ల్యాప్‌టాప్ నెమ్మదించిందని వచ్చే కేసుల్లో చాలావాటికి మూలం అదే. రెండు చోట్ల కాపీ పడేదాకా కెమెరా కార్డు ఫార్మాట్ చేయనివ్వొద్దు. ఫంక్షన్ హాల్లో ఎంత తొందరపెట్టినా సరే.

బయటి వస్తువుల్లో మొదటిది మానిటర్. 24 లేదా 27 అంగుళాలది, 100% ఎస్‌ఆర్‌జీబీ, షాపులోనో ఇంట్లోనో స్థిరంగా ఉంచండి. ల్యాప్‌టాప్‌లో యూఎస్‌బీ సీ ఉన్నంత మాత్రాన డిస్‌ప్లే రాదు, డిస్‌ప్లేపోర్ట్ సపోర్ట్ ఉందని రాసి ఉండాలి. చిన్న ల్యాప్‌టాప్‌లకు నంబర్ ప్యాడ్ ఉండదు. ఆల్ట్ కోడ్‌లు, టైమ్‌కోడ్ కొట్టేవాళ్లకు అది లేకపోతే చెయ్యి విరిగినట్టే. విడిగా యూఎస్‌బీ నంబర్ ప్యాడ్ కొన్ని వందలకే దొరుకుతుంది. మౌస్ ఎలాగూ ఉంటుంది.

మీ 80 వేలకు నేనైతే ఇలా వెతుకుతాను: 14 అంగుళాల 16:10, 100% ఎస్‌ఆర్‌జీబీ ఐపీఎస్, కోర్ అల్ట్రా 5 హెచ్ సిరీస్, డ్యూయల్ ఛానల్‌లో 16 జీబీ, కుదిరితే 32, 512 ఎస్‌ఎస్‌డీ, డిస్‌ప్లే ఇచ్చే యూఎస్‌బీ సీ. ఎస్‌ఎస్‌డీ, నంబర్ ప్యాడ్ కూడా ఈ లెక్కలోనే పట్టాలి. కాబట్టి ల్యాప్‌టాప్‌కు మొత్తం ఊడ్చిపెట్టకండి. మానిటర్ వచ్చే సీజన్ డబ్బుతో.

కొనేటప్పుడు కర్నూలో హైదరాబాదో వెళ్లి, డెమో పీస్ ఉన్న షాపులోనే చూడండి. ఒక పెన్‌డ్రైవ్‌లో మూడు తీసుకెళ్లండి: మీరు ప్రింట్ వేయించిన షీటు జేపెగ్, మీ కెమెరామన్ తీసిన ఒక నిమిషం ఒరిజినల్ క్లిప్, అదే షీటు పీఎస్‌డీ. ప్రింటు షీటును చుట్టి చేత్తో పట్టుకెళ్లండి. జేపెగ్ తెరిచి షీటు పక్కన పెట్టి చూడండి. క్లిప్ ప్లే చేస్తూ టాస్క్ మేనేజర్‌లో జీపీయూ కింద వీడియో డీకోడ్ అనే గ్రాఫ్ కదులుతోందో లేదో గమనించండి. అది కదలకుండా సీపీయూ పైకి ఎగబాకితే, ఆ ల్యాప్‌టాప్ డీకోడర్‌కు మీ కెమెరా ఫార్మాట్ పట్టదని అర్థం. ఫొటోషాప్ ఉన్న డెమో పీస్ దొరికితే పీఎస్‌డీ కూడా తెరిచి జూమ్ చేసి చూడండి. అన్నీ కుదిరితే, మోడల్ పేరు ఒక్కటే కాకుండా చివర ఉండే పొడుగాటి పార్ట్ నంబర్ కూడా రాసుకోండి. ఒకే మోడల్ పేరుతో 45% ప్యానెల్ ఉన్నదీ, 100% ప్యానెల్ ఉన్నదీ రెండూ అమ్ముతారు. బిల్లు మీద ఆ పార్ట్ నంబర్ సరిచూసుకున్నాకే డబ్బు కట్టండి.